రేకుల మీద గది

కుట్టడానికిచ్చిన కోటు కోసం వెళ్ళాను. గేటు గడియ తియ్యకముందే మిషను చప్పుడు వినిపించింది. కాసేపు ఏకధారగా వానలా కురిసి, ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ అందుకుంటోంది. ఆగినప్పుడల్లా ఇంట్లోంచి ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు వినడానికే ఆగుతోందేమో అనిపించింది.

వరండాలో ప్లాస్టిక్ పట్టా కట్టిన మూల, మిషను మీదికి వంగి కుట్టుపిన్ని కనిపించింది. వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఇల్లు ఆమెదే. రిజిస్ట్రేషనై మూడు నెలలు దాటింది. కరెంటు బిల్లు కూడా ఆమె పేరు మీదే వస్తోంది. కానీ గడప దాటి లోపల కాలు పెట్టిన రోజు లేదు.

లోపల ఉన్నది ఇల్లమ్మిన మనిషి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన డ్రైవరన్నయ్య. భార్యను బతికించుకోవాలని ఆస్పత్రుల చుట్టూ తిరిగి, ఆమే దక్కక, చివరికి ఇల్లూ అమ్ముకున్నాడు. "తమ్ముడు వాళ్ళింటి పైన నాకో గది వేస్తున్నాడు చెల్లెమ్మా. అదయ్యేదాకా ఉండనివ్వు. నలభై రోజులు, అంతే," అని అడిగాడు.

కుట్టుపిన్నికో అలవాటుంది. ఎవరికి ఏం కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదులుతుంది. ఒళ్ళన్నాక పెరుగుతుంది, విప్పి వదులు చేసుకోవడానికి చోటుండాలంటుంది. ఒప్పందం రాసేరోజు దస్తావేజు లేఖరి కలం పట్టుకుని, "ఏ తేదీ వెయ్యమంటారమ్మా?" అనడిగితే, ఆ చేతి అలవాటే నోటికొచ్చింది. "తేదీ ఎందుకులెండి, గది పూర్తయ్యేదాకా అని రాయండి" అంది.

రెండు వేళ్ళ గుడ్డకైనా ఒక అంచుంటుంది.

ఈలోగా కుట్టుపిన్ని వాళ్ళుంటున్న అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. సంసారం రెండు ముక్కలైంది. ప్లంబరు పని చేసే భర్త గొట్టాల షెడ్డులో పడుకుంటున్నాడు. ఆమే, పరీక్షలకు చదివే కూతురూ ఆడపడుచు ఇంట్లో, సోఫాకీ గోడకీ మధ్య సర్దుకున్నారు. ఆడపడుచు ఒక్క మాటనదు. పొద్దున్నే చీపురందుకుని వాళ్ళ పక్క చుట్టూ రెండుసార్లు ఊడుస్తుంది, అంతే. పుస్తకాల పెట్టెకు కట్టిన తాడు కూతురు ఇంకా విప్పలేదు. "మనింట్లోనే విప్పుతానమ్మా" అంటోంది.

మిషనుకు మాత్రం ఆ ఇంట్లో చోటు లేదు. అందుకే పొద్దున్నే ఇక్కడికొచ్చి, తన ఇంటి బయట కూర్చుని, సాయంత్రం దాకా కుట్టుకుంటుంది.

భర్తకు ఓపిక చచ్చింది. కనిపించినప్పుడల్లా ఇదే మాటంటాడట. "ముప్పై ఏళ్ళు నిమిషం ఆలస్యం లేకుండా బస్సు తీశాడట మహానుభావుడు. ఇప్పుడు నెత్తిన హారన్ మోగించినా డిపో వదలడం లేదు!"

తలుపు తెరుచుకుంది. ఉతికిన చొక్కా, భుజం మీద దుమ్ము తుడిచే గుడ్డ, చేతిలో టీ గ్లాసు.

"టీ, చెల్లెమ్మా. పంచదార తగ్గించాను, నువ్వన్నావుగా."

ఆమె గడప ఇవతలే నిలబడి, తన వంటగదిలో కాగిన టీ అందుకుంది.

"ఎప్పుడన్నయ్యా?"

"రేపేగా శుక్రవారం. తలుపొక్కటి బిగిస్తే గది పూర్తయినట్టే."

"పోయిన వారం కిటికీ ఒక్కటే అన్నారు."

"నా చొక్కాకి నువ్వేమన్నావో గుర్తుందా? కాజాలొక్కటే మిగిలాయని నాలుగు శుక్రవారాలు తిప్పావు. నేను కిక్కురుమన్నానా?"

ఆమెకు నవ్వాగలేదు. ఆయనా నవ్వి, దగ్గు తెరలో చిక్కుకుని, బస్సు కదిలేముందు కండక్టరు తట్టినట్టు గోడ మీద రెండుసార్లు తట్టి లోపలికెళ్ళాడు. తలుపు సందులోంచి గుమ్మం పక్కన నిలబెట్టిన సూట్‌కేసు కనిపించింది. మూడు నెలలుగా అక్కడే ఉందట. దాని మీద రవ్వంత దుమ్ము లేదు. రోజూ తుడుస్తాడు.

కుట్టుపిన్ని టీ తాగలేదు. గ్లాసు మిషను బల్ల మీద పెట్టి గొంతు తగ్గించింది.

"సోమవారం వాళ్ళ తమ్ముడి వీధికెళ్ళాను. ఒకరి బట్టలివ్వాలి. ఎలాగూ వచ్చాను కదా, గది ఎంతదాకా వచ్చిందో చూద్దామనుకున్నా. చూస్తే అది రేకుల ఇల్లు. పైన గది కాదు కదా, పిల్లి నడిస్తేనే ఊరంతా వినపడుతుంది. తమ్ముడి భార్య గుమ్మంలోకొచ్చింది. 'బావగారా? మాకూ ఆయనకూ మాటల్లేక ఏడేళ్ళయింది, ఎలా ఉన్నారేంటి?' అని నన్నే అడిగింది."

పట్టా మీద చినుకులు మొదలయ్యాయి. ఆమె లేచి కుట్టిన బట్టలన్నీ గోడవైపు జరిపింది. జల్లు మిషను చక్రం దాకా వస్తోంది. కొంగుతో తుడిచింది. మళ్ళీ పడింది, మళ్ళీ తుడిచింది.

"మా ఆయనకి చెప్పలేదు. చెప్తే సాయంత్రానికి ఆ సూట్‌కేసు వీధిలో ఉంటుంది. చెప్పకపోతే పరీక్షల దాకా నా కూతురు సోఫా పక్కనే. మొన్నడిగింది, 'అమ్మా, మనం నిజంగానే కొన్నామా?' అని."

లోపల దగ్గు. ఆమె చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది.

"మరి ఆయన్నే అడగకపోయారా?" అన్నాను.

చీకటిపడిన వరండాలో సూదిలోకి దారం ఎక్కించబోయి, రెండుసార్లు తప్పి, వదిలేసింది.

"ఎలా అడగను? అడిగితే నిజం చెప్పేస్తాడు. చెప్పాక ఆయన్ని బయటికి పంపాల్సింది నేనేగా. మీ కోటుకి శనివారం రండి. రేపు శుక్రవారం కదా, నాకు చెయ్యాడదు."