జడ్జిగారి కళ్లజోడు

శనివారం మధ్యాహ్నం తన దర్జీ కొట్టు మూసి, ఆయన నేరుగా కార్డుల ఆట ఆడే కొట్టుకు వస్తాడు. పేకాట కాదు, ఒక్కో కార్డు మీద ఒక్కో నియమం అచ్చేసి ఉండే ఆట. అక్కడ ఆయన పేరు జడ్జిగారు. కార్డు మీది నియమం దగ్గర పేచీ వస్తే, బట్ట నేత చూసినట్టు ఒక్కో మాటా చూసి తీర్పు చెప్పేది ఆయనే. ఈసారి తగువుపడ్డ ఇద్దరూ ఆయన్ని దాటుకుని, ఈమధ్యే ఆటకు రావడం మొదలుపెట్టిన నర్సు దగ్గరికి వెళ్లారు.

"అక్కా, ఈ కార్డు నాశనమైతే ఇంకో రెండు తీసుకోమని రాసుంది. వీడేమో దాన్ని బల్ల మీంచి తిరిగి నా చేతికే పంపాడు. ఆ రెండూ తీసుకోనా?"

"చేతిలో నిక్షేపంగా ఉంటే నాశనమెలా అవుతుంది? కుదరదు. అంతేనా బాబాయ్?"

అంతేనని ఆయనకు తెలుసు. ఆమె మర్యాదగా అడగడమే పుండు మీద కారమైంది.

"తొందరపడి తేల్చేది కాదమ్మా," అంటూ కళ్లజోడు తీసి తుడవసాగాడు.

తుడిచి పెట్టుకునేసరికి వాళ్లు ఆ ఆట ముగించి, రెండోదానికి కార్డులు కలుపుతున్నారు.