మోకాలెత్తు బండి

రియాద్‌లో పికప్ బండిని వానెట్ అంటారు. ఎందుకలా అంటారని నలుగురిని అడిగాను. నలుగురూ నాలుగు కథలు చెప్పారు, నాలుగూ నమ్మేలాగే ఉన్నాయి. కనుక ఆ సంగతి వదిలేద్దాం. మలాజ్‌లో మేం పనిచేసే ఏసీ రిపేరు దుకాణానికి అలాంటి వానెట్ ఒకటి ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే చిన్న క్యాబిన్, వెనక పొడుగాటి ఇనుప తొట్టి, అంతే. రంగు తెలుపని కాగితాల్లో రాసి ఉంది. దానికి ఏసీ లేదు. ఊళ్లో అందరి ఏసీలూ బాగుచేసే మేం అద్దాలు దించుకుని, వేడిగాలి మింగుకుంటూ తిరిగేవాళ్లం.

తొట్టి వెనక తలుపు దించితే సరిగ్గా కాక మోకాలికి జానెడు పైన ఆగుతుంది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి. కథంతా ఆ జానెడులోనే ఉంది.

కాక అంటే నాతో పనిచేసే పెద్దాయన. జగిత్యాల వైపు మనిషి. నాకు చుట్టమేమీ కాదు, మా రూంలో ఉండే ఏడుగురికీ ఆయన కాకే. వచ్చి పద్దెనిమిదేళ్లయింది. వచ్చిన రోజు నుంచీ "ఇంగ రెండేండ్లు జేసి పోత" అంటున్నాడట. నేను వచ్చి నాలుగేళ్లు, నా వాటా నేనూ విన్నాను.

ఇంటి బయట గోడకు వేలాడే బరువైన డబ్బాను మేం ఔట్‌డోర్ అంటాం. కాక దాన్ని ఎత్తడు, కౌగిలించుకుంటాడు. పొట్టకు ఆనించుకుని, కిందికి మోకాలు చేర్చి ఒక్క కుదుపు కుదిపితే డబ్బా అంచు తొట్టి మీద పడుతుంది. మిగతాది నడుముతో తోసేస్తాడు. చూసేవాళ్లు అదంతా పద్దెనిమిదేళ్ల పనితనం అనుకుంటారు. ఆయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదని నాకొక్కడికే తెలుసు.

మూడో అంతస్తు గోడమీంచి జారిపడ్డాడని ఊహించుకుంటున్నారేమో, అలాంటిదేం లేదు. రూంలో పై మంచం మీది రగ్గు లాగబోయాడు. రగ్గు రాలేదు, భుజంలో ఏదో ఊడి వచ్చింది. బరువులు పైకెత్తొద్దని డాక్టరు చీటీ రాసిచ్చాడు. కాక ఆ చీటీని దిండు గలీబులో దాచి, నన్ను నోరు మూసుకోమన్నాడు. మా వీసాలు కఫీల్ చేతిలో ఉంటాయి. దుకాణం ఆయనదే, మేం ఆయన మనుషులం. చెయ్యి పడిపోయిందని ఆయనకు తెలిస్తే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాడని కాక భయం.

"పోతే ఏమైతది కాకా? నీ రెండేండ్లు ఎన్నడో అయినయ్" అన్నాను ఒకసారి.

"పోయి ఏం జెయ్యాలె రా? మొన్న సెలవుల పోతే కుర్సీ తువ్వాలతోని దులిపి ఏసిండ్రు. సుట్టానికి ఏసినట్టు. ఛాయ తాగుతవా అని అడిగిండ్రు. నా ఇంట్ల నన్ను అడుగుడేంది? ఈడ ఎవ్వడన్న అడుగుతడా? పొయ్యి మీద పెట్టుకుంట, తాగుత."

ఆ రోజు ఛాయ కూడా ఆయనే పెట్టాడు.

ఇలా ఉండగా మా వానెట్ ఫహస్‌కు, అంటే ఏటేటా జరిగే బండి తనిఖీకి వెళ్లింది. తనిఖీ చేసే మనిషి బండి కింద టార్చి వేసి చూశాడు, వేలితో ఛాసిస్‌ను పొడిచాడు. వేలు లోపలికి వెళ్లింది. బయటికి తీసి వేలిని చూసుకున్నాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. ఇంతకంటే వివరమైన రిపోర్టు నేను ఎక్కడా చదవలేదు. తప్పు మాదే. ఏసీలు కడిగే మందునీళ్లను ఏళ్ల తరబడి ఆ తొట్టిలోనే ఒలకబోశాం. ఎడారిలో ఇనుముకు తుప్పు పట్టించడం మామూలు వాళ్లవల్ల అయ్యే పని కాదు.

"కొత్తది కొందాం" అన్నాడు కఫీల్. ఆయన నలభై ఏళ్ల మనిషి. మంచివాడే. కాక ముఖం వెలిగిపోయింది. అలాంటిదే కొత్తది వస్తుందనుకున్నాడు. నేనూ అంతే. అలాంటివి చేయడం మానేశారని మాకెవరూ కబురు పెట్టలేదు.

శుక్రవారం బతా పేటలో మనవాళ్ల మెస్సుకెళ్లి పప్పన్నం తిని, అటునుంచి అటే పాతబండ్ల బజారుకు పోయాం. అక్కడ అమ్మకాలు చూసే హైదరాబాదు భాయ్ ఒకడు మాకు తెలుసు. పాతబస్తీ మనిషి, మాతో తెలుగులోనే మాట్లాడతాడు.

"చిన్న వానెటా?" అన్నాడు, మేం ఏనుగు దంతాలు అడిగినట్టు. "వో జమానా ఖతం భాయ్. గదే ఇనుముకు జెర ఎత్తు పెంచి, నాలుగు తలుపులు కొట్టి, ముంగట టీవీ పెడితే డబుల్ రేటు. చిన్నదాంట్ల కంపెనీవాళ్లకు ఏం మిగుల్తది? మళ్ల రూల్స్. గాలి సంచులు పెట్టాలె, పొగ తక్కువ రావాలె, కెమెరా పెట్టాలె. అన్ని పెట్టినంక అది చిన్నగెట్లుంటది, సస్తగెట్లుంటది?"

"గంత ఎత్తు బండి ఎవలు కొంటరు?" అని అడిగాడు కాక.

"ఫ్యామిలీవాళ్లు. ఎన్క సీట్ల పిల్లలు, తొట్టిల క్యాంపు సామాన్, సీదా ఎడారికి. సామాన్ మోసేటోడు షోరూంకు వస్తడా చచా? కొనేటోడు ఒకడు, మోసేటోడు ఒకడు. కొనేటోడు నడుము వంచడు."

రెండు తలుపుల బండ్లు పేరుకు కొత్తవి కూడా ఉన్నాయి. కాక ఒకదాని పక్కన నిలబడి చూశాడు. తొట్టి తలుపు ఆయన చొక్కా జేబు దాకా వచ్చింది. పాతవి అడిగితే, "మంచిది ఉన్నోడు అమ్మడు, అమ్మేటోని దగ్గర మంచిది ఉండది" అన్నాడు భాయ్. ఒక పాతదాని ఛాసిస్‌ను నేను వేలితో పొడిచి చూశాను. మా బండికి అన్నలాగే ఉంది.

రెండు రోజుల తర్వాత కఫీల్ దుకాణానికి వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. "తమామా?" అన్నాడు.

తమామ్ అంటే అంతా బాగుంది అని. ఇక్కడికి వచ్చినవాడు మొదట నేర్చుకునే మాట అదే. కొందరికి చివరిదాకా అదొక్కటే సరిపోతుంది. జ్వరమా అంటే తమామ్. అన్నం తిన్నావా అంటే, తినకపోయినా తమామ్. కఫీల్ అడిగినప్పుడు తమామ్ అనాలి, అడగబోతుండగానే అనగలిగితే మరీ మంచిది. కాక కళ్లద్దాలు వేరే చొక్కాలో ఉండిపోయాయి. ఆయనకు ఫోన్‌లో తెల్లగా ఏదో కనబడింది. పాతదీ తెలుపే కదా.

"తమామ్ బాబా, తమామ్" అన్నాడు. యజమానిని, ఏ వయసువాడైనా, ఇక్కడ బాబా అనే పిలుస్తారు.

కళ్లద్దాలు అక్కర్లేని వయసు నాది. నాలుగు తలుపులూ కనిపించాయి, టైర్ల ఎత్తూ కనిపించింది. నేనూ తమామే అన్నాను. అందరినీ ఎగతాళి చేసి నన్ను నేను వదిలేసుకుంటే బాగుండదు కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను.

బండి వచ్చింది. కఫీల్ ఖర్జూరాలు పంచి, కావా అనే అరబ్బీ కాఫీ పోసి, సీటు మీది ప్లాస్టిక్ కవరు తన చేత్తో చింపాడు. కాక వెనక్కి వెళ్లి తొట్టి తలుపు దించాడు. అది ఆయన రొమ్ముకు వచ్చి ఆగింది. బర్రెను బేరం చేసేవాడిలా దాన్ని రెండుసార్లు తట్టాడు.

"గిదేందిరా, మనిషంత ఉన్నది" అన్నాడు నా చెవిలో.

"నువ్వే గద కాకా తమామ్ అన్నవ్."

"నువ్వు గూడ అన్నవ్."

"నువ్వన్నవని నేనన్న."

"నేను కనపడక అన్న. నీకేం రోగం?"

నేను వెళ్లి ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాల్లో మలాజ్‌లోని ఫుట్‌పాత్‌ల ఎత్తులన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఎత్తైన గట్టు వెతికి, బండిని దానికి ఆనించి, గట్టు మీంచి డబ్బాను తొట్టిలోకి జరిపేవాళ్లం. గట్టు లేని చోట వాచ్‌మన్‌ను బతిమాలి నేనూ అతనూ ఎత్తేవాళ్లం. ఆ కాసేపూ కాక ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. నటన అంత బాగుండేది కాదు, ఒకసారి ఫోన్ తిరగేసి పట్టుకున్నాడు. ఇక నిచ్చెన. పాత తొట్టిలో అది కాళ్లు చాపుకుని పడుకునేది. ఈ తొట్టి పొట్టిది, సగం జాగా వెనక సీటు మింగేసింది. నిచ్చెనను క్యాబిన్ మీదికి వాల్చి కట్టాం. కప్పు మీద మూరెడు గీత పడింది. కఫీల్ ఆ గీతను వేలితో నిమిరి, లోపలికి వెళ్లిపోయాడు. రెండు తిట్లు తిట్టినా నయంగా ఉండేది.

ఒకరోజు అల్ ఖర్జ్‌లో ఉన్న వాళ్ల నాన్న తోటలో ఏసీ మార్చాలని కఫీల్ మమ్మల్ని తీసుకెళ్లాడు. బండి తనే నడిపాడు. ఏసీ ఉన్న బండిలో అంత దూరం పోవడం మాకు అదే మొదలు. కాకకు చలిపెట్టింది, చెప్పలేదు. మధ్యలో కఫీల్ "తమామా?" అంటే తమామ్ అన్నాడు, చేతులు చంకల్లో పెట్టుకుని.

కొత్త ఏసీ బిగించేశాం. ఇక పాత ఔట్‌డోర్‌ను బండిలోకి ఎక్కించాలి. చుట్టూ చదునైన ఇసుక, గట్టన్నదే లేదు. కఫీల్, వాళ్ల ముసలి నాన్న ఎదురుగా చాప మీద కూర్చుని కావా తాగుతూ మమ్మల్నే చూస్తున్నారు.

"నువ్వు జరుగు, నేను లేపుత" అన్నాను మెల్లగా.

"సూస్తుండ్రు రా. పట్టు" అన్నాడు కాక.

పట్టాం. పొట్ట దాకా వచ్చింది, రొమ్ము దాకా వచ్చింది. అక్కడ కాక వైపు ఆగిపోయింది. నా వైపు లేస్తోంది, ఆయన వైపు వంగుతోంది. కాక ముఖం మీద చెమట, కింద నా చెప్పులు, చెప్పుల్లో నా వేళ్లు. ముసలాయన కేకేశాడు. కఫీల్ పరుగెత్తుకొచ్చి డబ్బాను రెండు చేతులా పట్టాడు. ముగ్గురం కలిసి కిందికి దించాం. ఆయన తెల్లటి పొడుగంగీ, తోబ్ మీద రొమ్ము నుంచి మోకాలి దాకా నల్లటి మరక.

"ఏమైంది? తమామా?" అన్నాడు రొప్పుతూ.

గాలి స్తంభించింది, కాలం ఆగింది అని రాయాల్సిన చోటు ఇది. నిజానికి పక్క దొడ్లో మేక ఒకటి అరుస్తూనే ఉంది.

"మాఫీ తమామ్" అన్నాడు కాక.

బాగాలేదు అని. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. తర్వాత ఎడమ చేత్తో కుడి భుజాన్ని తట్టి, అదే చేత్తో తొట్టి తలుపును తట్టి, తనకు వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాడు. చెయ్యి బాగాలేదు. బండి బాగాలేదు. బండి చాలా పెద్దది బాబా, నేను చాలా చిన్న. రగ్గు సంగతి, డాక్టరు చీటీ సంగతి కూడా చెప్పాడు. రగ్గుకు అరబ్బీ మాట తెలియక లాగినట్టు చేసి చూపించబోయాడు, చెయ్యి సగంలో ఆగింది. అదే మాటకంటే బాగా అర్థమైంది.

"ఫోటో చూపించినప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు కఫీల్.

"అప్పుడు కళ్లద్దాలు లేవు బాబా."

కఫీల్ నావైపు తిరిగాడు. నాకు చెప్పుకోవడానికి కళ్లద్దాలు కూడా లేవు. ఇసుక చూశాను. ఇసుక బాగుంది.

అప్పుడు ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, కొడుకుతో అన్నాడు. "నాకూ ఇలాంటిదే తెచ్చావు, జ్ఞాపకం ఉందా? ఎక్కాలంటే నిచ్చెన కావాలని వెనక్కి పంపాను. నేను నీ తండ్రిని కాబట్టి పంపాను. వీడెలా పంపుతాడు?" చేతికర్ర తీసుకుని లేచి మమ్మల్ని గడ్డివాము వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఆయన వానెట్ ఉంది, మా పాతదానిలాంటిదే, నిండా పచ్చగడ్డితో. దాని అవతల ఖర్జూరం చెట్ల కింద అలాంటిదే ఇంకొకటి. మొదటిదానికి విడిభాగాలు పనికొస్తాయని ఉంచాడట. ప్రస్తుతం అందులో కోళ్లు కాపురం ఉంటున్నాయి.

ఈసారి కాక జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగి కోళ్ల బండి ఛాసిస్‌ను వేలితో పొడిచాడు. వేలు లోపలికి పోలేదు. అది జన్మలో గడ్డి తప్ప ఇంకేం మోయలేదు. తర్వాత లేచి, తొట్టి తలుపు దించి, పక్కన మోకాలు పెట్టి చూసుకున్నాడు. జానెడు.

తిరుగు దారిలో కఫీల్ ఒక్కసారి కూడా తమామా అని అడగలేదు. "రేపు టికెట్ తీస్తడు రా" అన్నాడు కాక ఆ రాత్రి, దిండు గలీబులోంచి చీటీ తీస్తూ.

పొద్దున కఫీల్ దుకాణంలో ఆ చీటీని రెండుసార్లు చదివాడు.

"ఇంకెన్నాళ్లు ఉంటావు?"

"ఇంకో రెండేళ్లు బాబా."

"నేను పెళ్లి చేసుకున్నప్పుడు కూడా ఇదే చెప్పావు" అన్నాడు కఫీల్. చీటీ మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. గ్యాసు నింపడం, వైరింగు చూడడం ఇకనుంచి కాక పని అన్నాడు. బరువుల దగ్గర ఆయన మోకాలు మాత్రమే పెట్టాలి, ఎత్తేది నేను. మధ్యలో తమామ్ అన్నది నేను కూడా కాబట్టి ఆ తీర్పులో నాకు తప్పేమీ కనబడలేదు.

ముసలాయన మాకిచ్చేసిన ఆ బండిలోంచి కోళ్లను ఖాళీ చేయించడానికి ఒక పూట పట్టింది. బండిని కదిలించడానికి మూడు వారాలు. మా పాత వానెట్ గేరుబాక్సు, రెండు తలుపులు, సీటు దానికి ఇచ్చి కన్నుమూసింది. ఫహస్‌లో అదే మనిషి, అదే వేలు. పొడిచాడు, తీసి చూసుకున్నాడు, ముద్ర వేశాడు. ఇప్పటికీ బ్రేకు గట్టిగా వేస్తే సీటు కిందినుంచి ఈకలు లేస్తాయి. నాలుగు తలుపుల బండిని కఫీల్ తన ఇంటికి తీసుకెళ్లాడు. శుక్రవారం పిల్లలతో ఎడారికి పోతున్నాడు. కప్పు మీద గీత అలాగే ఉంది.

చిక్కల్లా ఒకటే. కఫీల్ ఇప్పుడు ఏది చూపించి "తమామా?" అన్నా, కాక ఒక్క నిమిషం ఆగమని చేయి చూపిస్తాడు, ఎడమది. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుంటాడు. మొన్న కొత్త నిచ్చెన తెస్తే దాని పొడుగునా నడిచి ఒక్కో మెట్టూ తట్టి చూశాడు. కఫీల్ నడివీధిలో ఎండకు నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"యా సదీక్, నా దోస్తూ, తమామా కాదా?" అన్నాడు చివరికి.

"ఆగు బాబా, ఇంకా నాలుగు మెట్లున్నాయి" అన్నాడు కాక.