సైలెన్సర్‌కి చుట్టిన రాతినార

మా ఆయన గుడివాడలో ఒక రైసు మిల్లులో బాయిలర్ పని చూసేవారు. ఊళ్ళో మోటారు సైకిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో ఎవరి దగ్గరో ఒక పాత బండి కొన్నారు. పొద్దున లేచి దాన్ని తుడిచినంత శ్రద్ధగా నా మొహం ఎప్పుడైనా చూశారా అంటే, చెప్పలేను.

ఒక వానాకాలం దివిసీమలో మా పుట్టింటికి వెళ్తుంటే కాలవగట్టు మీద బురదలో బండి దిగబడింది. నేను దిగి పక్క నుంచి తోశాను. కాలుతున్న సైలెన్సర్ గొట్టం నా పిక్కకు తగిలి చర్మం ఊడొచ్చింది. మా అమ్మ సున్నపుతేటలో కొబ్బరినూనె కలిపి రాసింది. ఆయన మాత్రం "చూసుకుని తొయ్యద్దూ?" అన్నారు. కాలిన మంట వారానికి తగ్గింది గానీ ఆ మాట మంట తగ్గలేదు.

కొన్నేళ్ళకు, ఒక శనివారం, ఆయన మిల్లు నుంచి రాతినార పట్టీ తెచ్చారు. ఆవిరి గొట్టాల వేడి బయటికి రాకుండా చుట్టే పట్టీ అది. బకెట్లో నానబెట్టి, తడి మీదే సైలెన్సర్ గొట్టానికి మడత మీద మడత వచ్చేలా బిగించి ఇనపతీగతో కట్టారు. నేను దగ్గరికి వెళ్ళబోతే దుమ్ము, లోపలికి పొమ్మన్నారు.

"ఎందుకండీ అది?" అని గుమ్మంలోంచే అడిగాను.

"మళ్ళీ నీ కాలు కాలకుండా" అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మర్నాడు చర్చి అయ్యాక ఆడవాళ్ళందరినీ బండి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. మీ ఆయన బంగారమమ్మా అన్నారు. ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నెల తిరక్కుండా మా తమ్ముడికి ఆ బండి అమ్ముతానన్నారు. వాడు దివిసీమలో బడిపంతులు. ఊళ్ళు తిరగడానికి బండి కోసం చూస్తున్నాడు. నా కోసం ముస్తాబు చేసిన బండిని అమ్మడమేమిటని ఒక్క క్షణం అనిపించింది. "మీ తమ్ముడే కదా, పరాయివాడా" అన్నారు ఆయన. నిజమే కదా అనుకున్నాను.

తమ్ముడు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. "ఇదేంటి బావా, గొట్టానికి కట్టు కట్టారు?"

"మీ అక్కనడుగు."

నేను పొంగిపోయి, చీర కాస్త ఎత్తి పిక్క మీద మచ్చ చూపించాను. "నా కోసం చుట్టార్రా" అన్నాను. వాడు నవ్వి, ఇంకేమీ చూడకుండా బేరం ఖాయం చేసుకున్నాడు.

వాడు బండి మీద ఇంటికి వెళ్తుంటే మొవ్వ దాటాక ఆ గొట్టం విరిగి రోడ్డు మీద పడింది. బందరులో మెకానిక్కు కట్టు విప్పితే లోపల జానెడు మేర తుప్పు తినేసి ఉంది. చిల్లుల మీద నూనెడబ్బా రేకు ముక్క అడ్డం పెట్టి, దాని మీద పట్టీ చుట్టారు. పైన పటారం, లోన లొటారం అన్నాడట మెకానిక్కు. చిలకలపూడిలో గిల్టు నగలమ్మేవాళ్ళు కూడా గిల్టని చెప్పే అమ్ముతారు.

తమ్ముడు వచ్చి మా వసారాలో ఆ రేకు ముక్క పడేశాడు.

"అమ్మేవాడు లోపాలు చెప్పుకుంటాడుటయ్యా? కొనేవాడు చూసుకోవాలి గానీ" అన్నారు మా ఆయన, కుర్చీలోంచి లేవకుండానే.

తమ్ముడు ఆయన వైపు చూడలేదు. "బావ సంగతి నాకు ముందే తెలుసక్కా. నీ మాట మీద కొన్నాను. తెలిసే ఆ మచ్చ చూపించావా?"

ఊరుకుంటే తమ్ముడు నాకు ఇక లేనట్టే. తెలియదంటే, ఊరంతా చాటుకున్న ఆ ప్రేమ ఉత్తదేనని ఆయన ముందే నా నోటితో నేను ఒప్పుకోవాలి.

"తెలియదురా. నా కోసమే అనుకున్నాను" అన్నాను.

మా ఆయన కాదనలేదు. తమ్ముడి మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. వాడు నన్ను నమ్మాడు. మోసగత్తె అని తిట్టి వెళ్ళిపోయినా నేను అంత ఏడ్చేదాన్ని కాను.