తమ్ముడు మింగిన పిళ్ళారి కన్ను

నా చిన్నప్పుడు మా నేతవీధి పిల్లలకు నోరు తెరవమని ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు. మా అవ్వ గడప దాటి బయటికి వస్తే చాలు, నోళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. ఆమె కొంగు ముడిలో ఎప్పుడూ ఏవో గింజలు ఉండేవి. కడుపు ఉబ్బిన వాడికి చిటికెడు వాము, అన్నం సయించని పిల్లకు వేయించిన జీలకర్ర, ఎండకు ఒళ్ళు వేడి చేసినవాళ్ళకు నానబెట్టిన మెంతులు. మెంతుల చేదుకు మొహం చిట్లిస్తే నెత్తిన ఒక మొట్టికాయ కూడా పడేది. అదీ మందులో భాగమే అనుకునేవాళ్ళం.

మాది తిరుత్తణి దగ్గర ఒక పల్లె. ఇంటింటికీ గుంట మగ్గం ఉండేది. పొద్దస్తమానం గుంటలో కాళ్ళు పెట్టి తొక్కీ తొక్కీ మగవాళ్ళకు చిన్న వయసులోనే మోకాళ్ళు పట్టేసేవి. కంచెల మీద అల్లుకునే ముడక్కత్తాన్ ఆకును దోసెల పిండిలో కలిపి రుబ్బి, అవ్వ వాళ్ళకు అట్లు పోసి పెట్టేది. బాలింతలకు మునగాకు, దగ్గేవాళ్ళకు వాము ఆకు కషాయం. వాటిలో ఏ నొప్పి మందుకు తగ్గిందో, ఏది అవ్వ గదమాయింపుకు జడిసి పారిపోయిందో నేను చెప్పలేను. వీధి మాత్రం ఆమెను మందవ్వ అని పిలిచేది. ఆ పేరంటే ఆమెకు మహా గర్వం.

మా వైపు వినాయక చవితికి పచ్చి మట్టి వినాయకుణ్ణి తెస్తారు. ఇంట్లో మేం పిళ్ళారి అనేవాళ్ళం. ఆయనకు కళ్ళుగా గురిగింజలు గుచ్చుతారు. ఎర్రగా మెరుస్తూ, కొసన నల్లచుక్కతో ఉండే గింజలు. మట్టి ఆరేకొద్దీ అవి వదులవుతాయి. గురిగింజ విషమని, అందులోనూ కొరికితే ప్రాణానికే ముప్పని, మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పేవాళ్ళు.

ఆ ఏడు చవితికి అమ్మ బాలింత, పసిదానితో వెనక గదిలో ఉంది. నాయన నేసిన లుంగీలు మూట కట్టుకుని మద్రాసు పోయాడు. పండగ మర్నాడు పొద్దున వాడిన పూలు తీద్దామని పీట దగ్గరికి వెళ్ళాను. దేవుడికి ఒక కన్ను లేదు. పీట పక్కన మూడేళ్ళ మా తమ్ముడు కూర్చుని పెదవులు నాకుతున్నాడు.

“అక్కా, అవ్వ మందు!” అని, తిన్నానన్నట్టు నోరు బార్లా తెరిచి చూపించాడు.

నేను పెట్టిన కేకకు అవ్వ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఒడిలో కోసుకున్న ఆకంతా గడపలో పడిపోయింది. పీట కింద, వినాయకుడి ఒళ్ళో, తమ్ముడి గుప్పెట్లో వెతికాం. గింజ లేదు. అవ్వ వాడి నోట్లో వేలు పెట్టి పళ్ళ సందుల్లో తడిమింది. ఏమీ తగల్లేదు.

“కొరికినావా నాయనా, అట్నే మింగినావా?” అని అడిగింది. వాడు తల ఊపాడు. కొరకలేదు గదా అంటే దానికీ ఊపాడు. మూడేళ్ళ వాడి సాక్ష్యం అంతే.

మగ్గాల చప్పుడు ఆగిపోయి వీధి వీధంతా మా వసారాలోకి వచ్చేసింది. ఒకరు ఉప్పునీళ్ళు పోసి కక్కించమన్నారు. ఇంకొకరు ఆముదం పట్టమన్నారు. వేపాకూ పసుపూ నూరుకొస్తానని పక్కింటి అక్క అప్పుడే లేచింది. “నీ దగ్గర లేని మందా అవ్వా, ఏదో ఒగటి ఎయ్యి బిరీన” అని ఎవరో అన్నారు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. కొంగు ముడి విప్పుతుంది, ఏదో తీస్తుంది, తమ్ముడు బతుకుతాడు అనుకున్నాను.

అవ్వ ముడి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీసేసింది.

“దీనికి నా దగ్గిర మందు లేదు. నాకు తెల్దు. ఎవురూ వాడి నోట్లో ఏమీ పొయ్యొద్దండి.”

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. అవ్వకు తెలియనిది ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. గోడ పట్టుకుని బయటికొచ్చిన అమ్మను పసిదాని దగ్గర ఉండమని గద్దించి, అవ్వ వినాయకుడి రెండో కన్ను పెరికింది. డాక్టరుకు చూపించాలి కదా. “అపచారం అవ్వా!” అని ఒకావిడ చెంపలేసుకుంది. “ఆయనేమీ అనుకోడు గానీ, జరుగు” అంటూ అవ్వ తమ్ముణ్ణి చంకనేసుకుంది. నేను లేకపోతే వాడు ఊరుకోడని నన్నూ రమ్మంది.

తిరువళ్ళూరు పెద్దాసుపత్రికే పోదామని పక్కింటి మామ సైకిలు తీశాడు. వెనక అవ్వ, ఆమె ఒళ్ళో తమ్ముడు, ముందు కడ్డీ మీద నేను. తిరుత్తణి స్టేషనులో రైలు కదులుతుంటే ఎక్కాం. తమ్ముడికి అదే మొదటి రైలు ప్రయాణం, వాడి సంబరానికి అంతు లేదు. మురుకులు అమ్మేవాడు వస్తే కావాలని మారాం చేశాడు. అవ్వ కొనివ్వలేదు. కడంబత్తూరు దాటాక వాడు ఆట మానేసి “కడుపు నొప్పి” అన్నాడు. ఆకలో, విషమో! అవ్వ వాడి పొట్ట మీద అరచెయ్యి పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు కదుపుతూనే ఉంది. ఏ దేవుణ్ణి తలుచుకుందో తెలియదు. ఆయన కన్నే కదా పీకి తెచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. అవ్వ తమిళంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, కొంగు విప్పి గింజను బల్ల మీద పెట్టింది. దాంతోపాటు నాలుగు వాము గింజలు కూడా రాలాయి. ఇంట్లో ఏమైనా పట్టించారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. ఏమీ ఇవ్వలేదని అవ్వ చెప్పింది. మంచి పని చేశావు పాట్టీ అని తమిళంలోనే అవ్వను మెచ్చుకుని, ఆవిడ వాడికి ఏదో నల్లటి మందు తాగించింది. గింజ పెంకు గట్టిది, పగలకపోతే అలాగే బయటికి వచ్చేస్తుంది, పగిలి ఉంటే మాత్రం ఇప్పుడే తెలియదు, కనిపెట్టుకుని ఉండాల్సిందే అంది.

కనిపెట్టుకుని ఉన్నాం. వాడు దగ్గితే ఉలిక్కిపడ్డాం, నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాం. అవ్వ మెతుకు ముట్టలేదు. వాడు దొడ్డికి కూర్చున్నప్పుడల్లా పుల్ల పట్టుకుని పక్కనే కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం గింజ బయటపడింది. అవ్వ దాన్ని కడిగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. డాక్టరమ్మ చూసి నవ్వాక, అవ్వ వరండాలో కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

“గింజ కనపడితే నోరు తెరవమని నేనే కదా పాపా వాడికి అలవాటు చేసినా” అంది.

ఇంటికొచ్చాక ఎత్తిపొడుపులు తప్పలేదు. ఊరందరికీ మందిచ్చే ఆవిడ సొంత మనవణ్ణి ధర్మాసుపత్రికి మోసుకుపోయిందని ఎదురింటావిడ అందరూ వినేట్టు అంది. మాట పడే మనిషి కాదు మా అవ్వ. ఆ రోజు మాత్రం చేటలో మెంతులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. “పేరు పోతే పోనీలేమ్మా, బిడ్డ ఉండాడు” అంది. అప్పటి నుంచి ఆమె ఎవరి నోట్లోనూ గింజలు వేయలేదు. అరచేతిలో పెట్టి, అదేమిటో పేరు చెప్పమనేది. చెప్పగలిగితేనే తినాలి. చెప్పలేని పసివాళ్ళకైతే నూరి తల్లి చేతికి ఇచ్చేది. నాకు గింజల పేర్లు, ఆకుల గుణాలు అబ్బింది అలాగే.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పని నాది. ఫోనుల్లో ఆకులతో గింజలతో సమస్త రోగాలూ పోతాయని వార్తలు వచ్చి పడుతున్నాయి. మెంతులు నేనూ నానబెడతాను, మునగాకు పప్పులో వేస్తాను. పోయినేడాది ఒకరోజు మా అమ్మాయి ఫోన్ చేసింది. మనవరాలికి పొద్దుటి నుంచీ వాంతులు, పిల్ల కళ్ళు తెరవడం లేదు, ఏం పట్టించమంటావమ్మా అని. నాలుగైదు మందుల పేర్లు నాలుక చివరికి వచ్చాయి. తెలియదని చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

“నాకు తెలీదమ్మా. ముందు పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తు” అన్నాను.