మంద వెనక బాలరాజు

శనివారం పొద్దున్నే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో స్తంభం పక్కన వ్యాను ఆగి ఉండేది. అడవి నడకకు పోదామని వచ్చిన గెస్టులను ఎగాదిగా చూసి బాలరాజు తన బావ చెవిలో ఎప్పుడూ ఒకే మాట అనేవాడు.

"బావా, ఇయ్యాల మంద మంచిగున్నట్టుంది."

ఆగయ్య చాయ్ ఊదుకుంటూ, "ఈడ మంచిగనే ఉంటదిరా. గుట్ట ఎక్కినంక తెలుస్తది ఏది మొండికేస్తదో" అనేవాడు.

తమను మంద అంటారని గెస్టులకు తెలియదు. తెలిస్తే ఫోన్లో రేటింగుకు ఇచ్చే చుక్కలు తగ్గేవేమో. అయితే వాళ్లిద్దరూ ఆ మాట వెక్కిరింపుకు అనలేదు. ములుగు అవతల ఊళ్లో పుట్టి, నిక్కర్ల వయసు నుంచి గద్దగుట్ట మీదికి పసులను తోలుకుపోయినవాళ్లు. ఆగయ్య ముందు, బాలరాజు వెనక. అది ఎవరూ పంచిన పని కాదు. ఆగయ్య ఎక్కడైనా ముందే ఉండే మనిషి, పెళ్లి బంతిలోనూ, గొడవలోనూ. బాలరాజుకు ఎవరైనా ముందు నడిస్తేనే కాళ్లు కదిలేవి.

అడవిలో దారి మలుపు తిరిగితే ముందున్నవాడికి వెనకవాడు కనిపించడు. అందుకని ప్రతి మలుపు దగ్గరా ముందువాడు "ఓ... హోయ్" అని పిలవాలి. ఆఖరి పశువు కూడా తన కళ్ల ముందే ఉందని చూసుకున్నాకే వెనకవాడు "ఆఁ... వస్తున్న" అని పలకాలి. పలికితే నడక సాగుతుంది. పలుకు రాలేదంటే వెనక ఏదో అయిందని లెక్క, ముందువాడు అక్కడే ఆగిపోవాలి. ఇంతే చట్టం. దీన్ని తప్పి ఒక్క దూడను కూడా వాళ్లు పోగొట్టుకోలేదు.

తర్వాత ఇద్దరూ పట్నం వచ్చారు. నాచారంలో ప్లాస్టిక్ బకెట్లు పోసే ఫ్యాక్టరీలో చేరారు. బాలరాజు ఆగయ్య చెల్లెలు సక్కుబాయిని చేసుకున్నాడు. ఒకే గల్లీలో ఎదురుబొదురు కాపురాలు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇద్దరూ అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తుంటే, వాటిలో ఒకదాంట్లో ఉండే విక్రమ్ అనే కుర్రాడు ఆగయ్య గుట్టల ముచ్చట్లు విని విని ఒక రోజు, "అన్నా, గా గుట్టకు మనుషులను తోల్కపోదమా?" అన్నాడు. అలా మొదలైంది. శని, ఆదివారాలు అడవి నడక. విక్రమ్ పిల్లవాడు మంచివాడే కానీ గెస్టులకు తలా ఒక విజిల్ కొనిచ్చాడు, ఆపద వస్తే ఊదుకోమని. వాళ్లు ఆపద కోసం ఆగుతారా? వ్యాను దిగింది మొదలు ఊదుడే. దాంతో ఆ ఈలకు అర్థం పోయింది, పాత కేకే గతి అయింది.

పసులు పోయి మనుషులు వచ్చారన్న మాటే గానీ గద్దగుట్ట మీద ఏమీ మారలేదు. ముందు ఆగయ్య, తునికి చెట్టు చూపిస్తూ, ఎలుగుబంటి గోరు పెట్టిన పుట్ట చూపిస్తూ, సగం నిజం సగం కోత. వెనక బాలరాజు, ఆయాసపడేవాళ్ల సంచులు మోస్తూ. మలుపు వస్తే ఆ కేక, ఈ పలుకు.

ఈ యేడు బోనాలకు ముందు, ఒక మధ్యాహ్నం ఆగయ్య అన్నం తిని గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు దవాఖానా వాళ్లు. ఎదురింట్లోనే ఉన్న బాలరాజుకు ఏ కేకా వినిపించలేదు. జీవితమంతా ప్రతి మలుపు దగ్గరా పిలిచిన మనిషి, ఈ ఒక్క మలుపు దగ్గర పిలవకుండా తిరిగిపోయాడు.

అంబర్‌పేట శ్మశానంలో కట్టెలు పేర్చే దగ్గర నుంచి దినాల వంటల దాకా అన్నీ బాలరాజే చూసుకున్నాడు. కంట చుక్క రాలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరు, మొదటి నుంచీ రాతి గుండేనని కొందరు అనుకున్నారు. రెండూ తప్పే. పంటి డాక్టరు సూది వేశాక చెంప మొహానికే ఉంటుంది గానీ మనది కాదన్నట్టుంటుంది కదా, బాలరాజు మనిషి మొత్తం అలా అయిపోయాడు. నొప్పి ఉంటే బాగుండేది. అదీ లేదు.

ఒక పూట సక్కుబాయి కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. మొగుడు రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

"ఎట్లుందయ్యా పప్పు?"

"మంచిగుంది."

సక్కుబాయి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్న పోయినందుకు ఒకసారి, మొగుడు ఉండీ లేనందుకు ఒకసారి. బయటికి వచ్చి కోపంగా అంది: "జర ఏడ్వరాదూ నువ్వు? మా అన్నేగాదు, నీకు దోస్తు గద!" బాలరాజు ఆమె వంక చూశాడు. ఏడవడానికి అతనికేం అభ్యంతరం లేదు. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలియలేదు.

దసరా పోయాక విక్రమ్ వచ్చాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న బాలరాజు పక్కన గోడకు ఆనుకుని చెప్పాడు. "అన్నా, నువ్వు ముందు నడిస్తే మళ్ల షురూ చేద్దం. తెల్వనోళ్లను నమ్మి జనాలను అడవిల వదల్లేను. నువ్వు వద్దంటే బంద్ చేస్త."

"సరే" అన్నాడు బాలరాజు. బంద్ చేద్దామన్నా సరే అనేవాడే.

వెనక నడవడానికి మనిషి కావాలి కదా? ఆగయ్య కూతురు గౌతమి ముందుకొచ్చింది. లాలాపేటలో ఫోన్ల షాపులో పనిచేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా తండ్రితో గుట్ట ఎక్కిన పిల్ల, దారి తెలుసు. తల్లి లక్ష్మీనర్సమ్మ మాత్రం రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడోనాడు గల్లీ దాటి వచ్చి బాలరాజు ఎదుట నిలబడింది.

"తమ్మీ, మీ బావ పోయిండు. ఇగ నాకు గిదొక్కతే ఉన్నది. నువ్వు ముందల ఉంటనంటెనే పంపుతున్న. మళ్ల నా పిల్లను నాకు తెచ్చియ్యాలె."

"సరే అక్కా" అన్నాడు. ఆ మాటైనా లోపల ఎక్కడా తగల్లేదు.

శనివారం వ్యాను కదిలింది. మంద మంచిగుందని ఎవరూ అనలేదు. నారపల్లి దగ్గరికి రాగానే ఆగయ్య ప్రతిసారీ కిటికీలోంచి వేలు చాపి, ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు జొన్న చేన్లని, తాను ఇక్కడ కూలికి కోసిన చేనే ఫలానా వెంచర్ అయిందని ఉపన్యాసం ఇచ్చేవాడు. విని విని డ్రైవరు కూడా పాట సౌండు పెంచేవాడు. ఈసారి పాట లేదు, ఉపన్యాసం లేదు.

"మామా, నాయిన ఈడ ఏదో చెప్తుండె గద?" అంది గౌతమి.

"జొన్న చేన్ల ముచ్చట."

"చెప్పరాదూ."

"అయిపోయినయి బిడ్డా చేన్లు" అని బాలరాజు కిటికీ వైపు తిరిగాడు.

గద్దగుట్ట కింద వ్యాను దిగి నడక మొదలుపెట్టారు. విక్రమ్ కిందే ఉండి వంటలు చూసుకుంటానన్నాడు. వానలు కడిగిన అడవి పచ్చగా మెరుస్తోంది. సీతాఫలాలు కళ్లు తెరిచి ఉన్నాయి. గెస్టులు ఫొటోలు తీశారు, విజిళ్లు ఊదారు, కాయలు తెంపారు. బాలరాజుకు అదంతా అద్దానికి అవతల జరుగుతున్నట్టుంది. మొదటి మలుపు దగ్గర ఆగి "ఓ... హోయ్" అని పిలిచాడు. వెనక నుంచి గౌతమి సన్నని గొంతు "ఆఁ... వస్తున్న" అంది. నడిచాడు. రెండో మలుపు, అలాగే. వాగు దాటాడు. వాగు దాటాక ఏనుగంత బండ ఒకటి దారికి అడ్డం పడి ఉంటుంది. ఆగయ్య ఎప్పుడూ దాని మీద చెయ్యి వేసి నిలబడి వెనక్కి కేకేసేవాడు. చెయ్యి పడీ పడీ అక్కడ రాయి నున్నగా అయింది. బాలరాజు చెయ్యి తనంతట తానే అక్కడికి పోయింది. పిలిచాడు. పలుకు వచ్చింది. నడిచాడు. పైన ఇంకో మలుపు. పిలిచాడు, పలుకు వచ్చింది, నడిచాడు.

గుట్ట నడుమ చదును బండ మీద అందరూ కూలబడి నీళ్లు తాగుతుంటే, నరేన్ అనే గెస్టు నవ్వుతూ అన్నాడు.

"అంకుల్, పిలిచేది మీరే, పలికేది మీరేనా? వెనకామెకు డ్యూటీ లేదా?"

బాలరాజుకు అర్థం కాలేదు. "ఏంది సార్?"

"అదే, ఆ పెద్ద బండ కాడి నుంచి. ఓహోయ్ అని మీరే అంటున్నరు, వస్తున్న అని మీరే అంటున్నరు. నేను మీ పక్కనే ఉన్న గద."

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. బాలరాజు వెనక్కి చూశాడు. దారి ఖాళీగా ఉంది. గౌతమి లేదు. గౌతమితో పాటు ఆఖరున నడుస్తున్న పూర్ణిమ అనే టీచరమ్మ లేదు.

నలభై ఏళ్లుగా ఆ కేక చెవిన పడగానే పలికిన నోరది. కేక వేసింది ఎవరని చూసుకోలేదు. పలికేసింది. పలుకు విన్న కాళ్లు, చట్టం ప్రకారమే, నడిచేశాయి. వెనక పిల్ల మౌనంగా ఉండిపోయిన సంగతి ఆ పలుకు కింద పడి కనబడలేదు.

"ఈ బండ దిగకుండ్రి. ఎవ్వరు కదలొద్దు" అని చెప్పి బాలరాజు కిందికి ఉరికాడు.

అప్పుడు భయం వచ్చింది. ఆషాఢం నుంచి ఇప్పటిదాకా లోపలికి ఏదీ రాలేదు, మొదట వచ్చింది భయమే. నా పిల్లను నాకు తెచ్చియ్యాలె అన్న లక్ష్మీనర్సమ్మ మాట, ఆ రోజు తగలనిది, ఇప్పుడు కడుపులో దిగింది. రేగు ముళ్లు చెయ్యి చీరాయి. మండింది. ఆ మంట అతనిదే. "గౌతమీ! బిడ్డా!" అని అరుస్తూ ఏనుగు బండ దాటాడు. వాగు హోరు తప్ప ఏమీ వినిపించలేదు. దేవుడా, ఆ పిల్లకేమన్నా అయితే ఏ మొహంతో గల్లీలోకి పోవాలి?

వాగు ఒడ్డునే ఉన్నారు ఇద్దరూ. పూర్ణిమ పాచి రాయి మీద జారి మడమ మెలిపెట్టుకుంది. గౌతమి తన చున్నీ తడిపి ఆమె కాలికి కట్టి, పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బాలరాజు రొప్పుతూ వాళ్ల ఎదుట చతికిలబడ్డాడు.

"భయపడ్డవా బిడ్డా?"

"జరంత. పలుకు లేకుంటే ముందటోళ్లు ఆగుతరు, నువ్వు ఉన్నకాడ్నే ఉండు అని నాయిన చెప్తుండె. అందుకే నేను పలకలే. పలకకుంటే నువ్వు ఆగుతవు గద అని." గౌతమి గొంతులో నింద లేదు, వింత ఉంది. "కని నీ గొంతే పలికింది. రెండుసార్లు ఇన్న. ఎందుకు పలికినవ్ మామా?"

బాలరాజు నోరు తెరిచాడు. ఏదో ఒకటి చెబుదామనుకున్నాడు, పరధ్యానమనో, వయసనో. వచ్చిన మాట వేరే.

"బావ పిలిచిండనుకున్న."

ఆ మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, టీచరమ్మ చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు. "పిలవకుండనే పోయిండే! ఎదురింట్లనే ఉన్న గద, ఒక్క కేకేస్తే పలకకపోదునా..." గౌతమి అతని వీపు మీద చెయ్యి వేసింది. తండ్రి పోయిన రోజు ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల, మళ్లీ ఏడ్చింది. పూర్ణిమ తన సీసాలో నీళ్లు తీసి ఇద్దరికీ ఇచ్చింది.

మొహం కడుక్కున్నాక బాలరాజు లేచాడు. టీచరమ్మ పైకి ఎక్కే స్థితిలో లేదు, అందరూ దిగిపోవడమే మంచిది. గౌతమి పోయి చదును బండ మీదివాళ్లను తీసుకొచ్చింది. నరేన్ ఏదో క్షమాపణ గొణిగాడు.

"బిడ్డా, నువ్వు ముందల నడువు" అన్నాడు బాలరాజు. "టీచరమ్మను పట్టుకొని నేను వెనక వస్త. ముందల నడుసుడు నా తోని కాదు."

"మా అమ్మకు నువ్వు ముందుంటనన్నవు గద?"

"నిన్ను తెచ్చిస్తనన్న. వెనక ఉంటె నువ్వు నా కండ్ల ముందే ఉంటవు."

గౌతమి ముందు నడిచింది. గెస్టులు ఆమె వెంట. పూర్ణిమ అతని భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ దిగుతోంది. దారి మలుపు తిరిగింది, గౌతమి కనిపించకుండా పోయింది. కొన్ని క్షణాల తర్వాత చెట్ల అవతల నుంచి కేక వచ్చింది.

"ఓ... హోయ్!"

ఆ గొంతు ఆగయ్యది కాదు. ఎక్కడా పోలిక లేదు. ఆగయ్య ఇక పిలవడు. ఇన్నేళ్లు ఒక్క గొంతుకే పలికిన బాలరాజు నోరు కొత్త గొంతుకు వెంటనే పలకలేదు. అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది. గౌతమి కదలలేదు, చట్టం ప్రకారం.

"ఓ... హోయ్! మామా!"

బాలరాజు ముందున్నవాళ్లందరినీ కళ్లతో తడిమి చూసుకున్నాడు. ఎవరూ తప్పిపోలేదు. ముంజేతితో ముక్కు తుడుచుకుని, అడవంతా వినబడేలా పలికాడు.

"ఆఁ... వస్తున్న బిడ్డా, నువ్వు నడువు!"