నిప్పు తెలియని పాదాలు

కరోనా భయం సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం అది. అప్పటికి నేను మేడ్చల్ హైవే పక్కన ఒక చిన్న ఆసుపత్రిలో డ్రెస్సింగ్ రూమ్ నర్సుని. పుండ్లు శుభ్రం చేయడం, కట్లు కట్టడం నా పని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్ళే. ఆ గదిలో మనుషుల ముఖాలకంటే పాదాలే నాకు బాగా గుర్తుండిపోయేవి. ప్రభుదాస్ గారి విషయంలో మాత్రం రెండూ గుర్తున్నాయి.

ఆయనది పేట్ బషీరాబాద్. జీడిమెట్లలో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్. యాభై దాటిన మనిషి. కరోనాలో తమ్ముడు పోయాక నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదట. చర్చికి వెళ్ళినా చివరి బెంచీలో కూర్చుని వచ్చేసేవారట. ఆ తర్వాత ఎవరో చెప్తే మౌంటెన్ బైక్ కొన్నారు. మట్టిదారుల్లో, రాళ్ళమీద కూడా నడిచేలా లావు టైర్లుండే గేర్ల సైకిల్ అది. సెలవు దొరికిన ప్రతి ఉదయం కొందరితో కలిసి షామీర్‌పేట చెరువు వెనకాల దారుల్లో తిరిగేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన వేళ్ళ సందులు నీళ్ళలో నానబెట్టినట్టు తెల్లగా ఉబ్బి, ఒకచోట చీలి ఉన్నాయి.

"కాళ్ళు మస్తు సల్లగయితున్నయ్ సిస్టర్. పొద్దుగాల గడ్డిల పోతుంటే మంచుకు షూ తడిసిపోతాంది. వేళ్ళు ఉన్నయో లేవో తెలుస్తలేదు. అందుకే సాక్సుల మీద ప్లాస్టిక్ కవర్లు తొడిగి షూ ఏసుకుంటున్న."

బయటి తడి ఆగింది కానీ లోపలి చెమట బయటికి పోలేదు. గంటల తరబడి ఆ చెమటలోనే నాని చర్మం మెత్తబడిపోయింది. నేను పాదం పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉంది. ఆ మాటే చెప్పాను.

"వెచ్చగనా?" అని ఆయన ఆశ్చర్యపోయారు. "నాకైతే ఐసుగడ్డల పెట్టినట్టున్నది."

డాక్టరు గారు మోనోఫిలమెంట్ పరీక్ష చేయమన్నారు. మోనోఫిలమెంట్ అంటే సన్నటి నైలాన్ పోగు. రోగిని కళ్ళు మూసుకోమని, దాంతో అరికాలి మీద అక్కడక్కడా నొక్కుతాం. తగిలినప్పుడల్లా చెప్పాలి. నేను రెండు పాదాలూ చూడడం ముగించి పోగును ట్రేలో పెట్టేశాను. ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఎప్పుడు మొదలువెడ్తరు సిస్టర్?" అని అడిగారు.

పక్కనే నిలబడ్డ ఆయన భార్య సునందమ్మ నా ముఖంలోకి చూసింది. "అయిపోయింది, కళ్ళు తెరవండి," అన్నాను.

దీన్ని న్యూరోపతి అంటారు. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. అవి లేని చలిని ఉన్నట్టు చెప్తాయి, ఉన్న దెబ్బను చెప్పవు. చలికాలం సైకిల్ మానేయమని డాక్టరు గారు గట్టిగానే చెప్పారు.

"అదొక్కటి అడగకుర్రి సార్," అన్నారు ప్రభుదాస్ గారు. గొంతు పెంచలేదు, బతిమాలారు. "కావాలంటే మా ఆమెను అడుగుర్రి, అంతకుముందు నేనెట్లున్ననో."

సునందమ్మ తల వంచుకుని అంది: "సైకిల్ ఎక్కినంకనే సార్, ఈయన ఇంత అన్నం తినుడు మొదలువెట్టిండు."

డాక్టరు గారు చీలిక మానాకే వెళ్ళాలనీ, నేను చెప్పినవన్నీ పాటించాలనీ షరతు పెట్టారు. సైకిల్ తొక్కేవాళ్ళ కాళ్ళ గురించి నాకూ అప్పటికి పెద్దగా తెలియదు. డాక్టరు గారిని అడిగి, నేనూ ఆలోచించి చెప్పాను. ప్లాస్టిక్ కవరు లోపల వద్దు. తడి ఆపాలంటే షూ పైన తొడిగే రెయిన్ కవర్ వేసుకోవాలి, ముందు చక్రానికి మడ్‌గార్డ్ పెట్టించుకోవాలి. నూలు సాక్సులు తడిస్తే తడిగానే ఉంటాయి, ఉన్నివి మేలు. రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసి షూలో కుక్కితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి, కాబట్టి వేళ్ళు కదిలేంత చోటుండాలి. సంచిలో పొడి జత ఒకటి ఉండాలి. ఇంటికి రాగానే వేళ్ళ సందులు అద్ది తుడుచుకోవాలి, అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి. తడిసిన షూలో పాత పేపర్లు కుక్కి ఆరనివ్వాలి.

"అన్నిటికంటే ముఖ్యం వేడి," అన్నాను. "వేడినీళ్ళ సంచి, హీటర్, చలిమంట, ఏదీ పాదాల దగ్గరికి రాకూడదు. ఎంత వేడిగా ఉందో మీకు తెలియదు."

ఆయన ఆ మాట నాకు తిరిగి అప్పజెప్పారు. చీలిక మానింది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు పాదాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఉన్ని సాక్సులు మోకాళ్ళ దాకా లాక్కుని చిన్నపిల్లాడిలా చూపించి నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

క్రిస్మస్ వెళ్ళాక సునందమ్మ ఆయన్ని ఆటోలో తీసుకొచ్చింది. ఎడమ పాదానికి టవల్ చుట్టి ఉంది. టవల్ విప్పకముందే వాసన వచ్చింది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

"షూ కరిసిందని చెప్పిండు సిస్టర్," అంది సునందమ్మ. "నన్ను కట్టు ముట్టనియ్యలే. వాసన దాగుతదా?"

షూ కరిచిన పుండు కాదది. వేళ్ళకింద చర్మం కాలి నల్లబడి, అంచుల్లో చీము పట్టింది. కాలిన పుండని చూడగానే తెలిసింది. ఏం జరిగిందో ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పారు.

కొన్ని రోజుల కిందట ఒక ఉదయం పొగమంచులో ముందు పోతున్న ఒకాయన సైకిల్ జారి చెరువు అంచున నాచులో పడ్డాడు. లాగడానికి వీళ్ళంతా నీళ్ళలోకి దిగారు. ప్రభుదాస్ గారి రెయిన్ కవర్లు, ఉన్ని సాక్సులు అన్నీ తడిసిపోయాయి. సంచిలోని పొడి జత నీళ్ళలో పడ్డవాడికి ఇచ్చేశారు. తిరుగుదారిలో అత్వెల్లి దగ్గర టీ కొట్టు ముందు చలిమంట వేసి ఉంది. అందరూ షూలు విప్పి చుట్టూ కూర్చున్నారు. ఈయన ఒక్కరే దూరంగా నిలబడ్డారు. యాదగిరి అనే స్నేహితుడు, అక్కడే టైర్ల షాపు నడిపే మనిషి, ఈయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, షూలు తానే విప్పి, కాళ్ళు మంట దగ్గరికి జరిపాడు. తన సంచిలోని నైలాన్ సాక్సులు కూడా తొడిగాడు. మాటల్లో పడ్డారు. మంట పెరిగినప్పుడు తక్కినవాళ్ళంతా కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఈయన పాదాలు అక్కడే ఉండిపోయాయి.

"కమురు వాసనొస్తే కట్టెలదనుకున్న," అన్నారు ప్రభుదాస్ గారు. "సూస్తే నా సాక్సు. కరిగి కాలుకు అంటుకున్నది. ఎవ్వరు సూడకముందే షూల కాలు వెట్టిన."

"మంట దగ్గరికి పోవద్దని నీకు ఎరికే గదా!" అని సునందమ్మ అరిచింది.

"ఎరికే," అని ఆయన గోడవైపు తిరిగిపోయారు.

డిబ్రైడ్‌మెంట్ చేశాం, అంటే చచ్చిపోయిన కండను కోసి తీసేయడం. మత్తు ఇంకా ఎక్కకముందే కత్తెర తగిలినా ఆయన కదల్లేదు. అది చూసి నాకు భయం వేసింది. చీము అప్పటికే ఎముకకు చేరింది. పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ ముందు వేళ్ళు తీశారు. అది చాల్లేదు. పాదం ముందు భాగమంతా తీయవలసి వచ్చింది. మిగిలిన పాదానికి కట్లు మార్చుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు.

అలాంటి ఒకరోజు యాదగిరి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతులకు టైర్ల నలుపు. లోపలికి రాకుండా వరండాలోనే నన్ను ఆపాడు.

"సిస్టర్, బురదల ఏదో ముల్లు ఇరిగి చీము పట్టిందని చెప్పిండు అన్న. నిజమేనా? నా సాక్సులు నా చేతులతోనే తొడిగిన. గా మంటకాడ గూసోవెట్టింది నేనే."

రోగి విషయం ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. "ఆయన్నే అడగండి," అన్నాను. ఆ జవాబుతోనే అతనికి అర్థమైపోయింది. 

చెప్పులు విడిచి నా వెనకే లోపలికి వచ్చాడు. నేను మళ్ళీ కట్టు కట్టడం మొదలుపెట్టేసరికి అతను అడిగాడు, ప్రభుదాస్ గారు షుగర్ సంగతీ, కాళ్ళకు స్పర్శ లేని సంగతీ చెప్పేశారు.

"షుగరున్నదని, స్పర్శ లేదని ఒక్క మాట చెప్పకపోతివేందన్నా?"

ప్రభుదాస్ గారు కట్టు వైపే చూస్తూ అన్నారు: "చెప్తే నన్ను తోల్కపోతుంటిరా యాదన్నా? రోగమున్నోడు, మనకెందుకు పరేషాన్ అని ఇడిసిపెట్టి పోదురు. మా తమ్ముడు పోయినంక నాకున్నది మీరే."

యాదగిరి ఆ కాలి పక్కన బెంచీ మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను కట్టు గుడ్డ చుట్టడం కొనసాగించాను.

పుండు మానడానికి చాలా నెలలు పట్టింది. ముందు భాగంలో దిమ్మ పెట్టిన ప్రత్యేకమైన షూతో ఇంట్లో నడుస్తున్నారు. సైకిల్ మళ్ళీ ఎక్కలేదు. సెలవు రోజుల్లో యాదగిరి ఇంటికి వస్తాడనీ, ఇద్దరూ టీ తాగుతారనీ, పెద్దగా మాట్లాడుకోరనీ సునందమ్మ చెప్పింది. అన్నం మళ్ళీ తగ్గించేశారని కూడా చెప్పింది.

పాదాన్ని పొడిగా, వెచ్చగా ఉంచుకోవడం నేర్పించవచ్చు. నేర్చుకున్నదంతా ఆ రోజు దాకా ఆయన పాటించారు కూడా. కానీ చలిమంట దగ్గర నలుగురిలో కూర్చున్నప్పుడు "నా కాలికి స్పర్శ తెలియదు" అని పైకి చెప్పడం ఎంత కష్టమో ఆ కేసు తర్వాతే నాకు తెలిసింది. నొప్పి తెలియని మనిషికి దెబ్బను కనిపెట్టి చూసే కళ్ళు పక్కన ఇంకొకరివి కావాలి. ఇంట్లో భార్య ఒక్కతే చాలదు, ఆమె చెరువు దాకా రాదు కదా.

అందుకే ఇప్పుడు పోగు పరీక్షలో ఎవరికైనా స్పర్శ లేదని తేలితే, జాగ్రత్తలన్నీ చెప్పాక ఒకటి అడుగుతాను. "పొద్దంతా మీతో తిరిగేవాళ్ళల్లో ఈ సంగతి ఎవరికి తెలుసు?" ఎక్కువమంది తల దించుకుంటారు. ఒకరికైనా ఇప్పుడే, నా ముందే ఫోన్ చేసి చెప్పమంటాను. కొందరు చేస్తారు. కొందరు బయటికి వెళ్ళి చేస్తామని చెప్పి చెప్పులు వేసుకుంటారు. వాళ్ళు గేటు దాటేదాకా కిటికీలోంచి చూస్తాను. ఫోన్ కోసం చెయ్యి జేబులోకి వెళ్ళదు.