సార్ పంపిన కాగితం

మా సోషల్ సార్ పోయారన్న కబురు నాకు ఇజ్రాయెల్‌లో, ఇనుప తలుపు వేసిన బంకర్‌లో ఉండగా తెలిసింది. బయట సైరన్ మోగుతోంది. నేను చూసుకునే ముసలావిడ పక్కన, ఆమె మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో మా తమ్ముడి మెసేజ్. "అక్కా, సోషల్ సార్ పొద్దుగాల పోయిండు. నిద్రలనే." సార్ ఇల్లు శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఆటోలో పదిహేను నిమిషాలు. ఆ ఎయిర్‌పోర్టు దాకా రావడానికి, యుద్ధం వల్ల నాకు ఒక్క విమానమూ లేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

ఆయన పెద్ద పేరున్న మనిషేమీ కాదు. కొత్వాల్‌గూడ దగ్గరి ఊరి రైతుబిడ్డ. అన్న నాగలి పట్టాడు, తమ్ముడు బడికి పోయి పంతులయ్యాడు. మా సర్కారు బడి మీదుగా విమానం కిందుగా పోతే పాఠం వినపడేది కాదు. సార్ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయి, చప్పుడు తగ్గాక ఆపిన మాట నుంచే మళ్లీ ఎత్తుకునేవారు. విసుక్కోవడం ఎన్నడూ చూడలేదు. చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ పేపర్లో అరబ్బు దేశాల వార్తలు బ్లేడుతో కోసి బిస్కెట్ డబ్బాలో దాచేవారు. లెక్కల సారుకు అదొక నవ్వులాట. "మన గల్లీల నల్లా నీళ్ల లొల్లే తెగుతలేదు, మీరు గంత దూరం పోయిన్రా సార్?" అనేవారు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది అరబ్బు దేశాల్లో జనం చౌరస్తాల్లోకి వచ్చారు. మా దగ్గర తెలంగాణ ఉద్యమం మండుతోంది. సార్ రెండింటినీ కలిపే చెప్పేవారు. ఇక యూదులకూ అరబ్బులకూ శాంతి కుదురుతుందని ఆయన నమ్మకం. నేను లేచి అడిగాను. "జనం లేస్తె లొల్లి ఎక్కువైతది గద సార్, శాంతి ఎట్లొస్తది?"

"రాజులు చేసుకున్న సంధి రాజు కుర్చీల ఉన్నదాంకనే బిడ్డా. జనానికి నోరొస్తె ముందుగాల కోపమే బయటికొస్తది. గది ఒడిసినంకనే శాంతి మాట. జనాన్ని అడగకుంట సంతకాలు పెడితె అది నోటికేసిన తాళం, శాంతి కాదు."

మరి శాంతి వచ్చిందని తెలిసేదెట్లా అని ఎవరో అడిగారు. "ఒక్క బంతిల కూసొని తింటున్నరా లేదా, గంతే," అన్నారు.

అంత పెద్ద మాట చెప్పిన మనిషి సొంత అన్నతో మాట్లాడడని మాకందరికీ తెలుసు. ఇద్దరి ఇళ్ల నడుమ మూడడుగుల తొవ్వ. ఎయిర్‌పోర్టు వచ్చి భూమి రేట్లు పెరిగాక అది ఎవరిదన్న పంచాయితీ మొదలైంది. అన్న అక్కడ గోడ పెట్టాడు. ఆ గోడకు ఇటూ అటూ ఇద్దరూ ఏళ్ల తరబడి దగ్గుకుంటూ బతికారు. ఒకరి దగ్గు ఒకరికి వినపడేది.

ఉద్యమంలో భాగంగా బెంగళూరు హైవే మీద ఒకరోజు వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని, బండ్లను ఆపడం. మేమంతా పోయాం. తోపులాటలో సార్ ఎక్కడ జాగ దొరికితే అక్కడ కూర్చున్నారు. చూస్తే పక్కన అన్న. ఇద్దరూ లేవలేదు. అన్నం పెట్టారు. అన్న చారు గిన్నె అందుకుని తమ్ముడి విస్తట్లో పోశాడు. "జర కలుపుకోని తిను, ఆరిపోతది." అంతే అన్నాడు. సార్ తల వంచుకుని తిన్నారు. మోచేతి దాకా చారు కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ సాయంత్రమే గోడ దాటి పోయి ఉంటే అయిపోయేది. సార్‌కు చదువు అడ్డం వచ్చింది. నాలుగు రోజులు కూర్చుని ఒప్పంద పత్రం రాశారు. తొవ్వ ఇద్దరిదీ, గోడ తీసెయ్యాలి, ఇంకా ఏవేవో. దాన్ని పెద్దమనుషుల చేతికిచ్చి అన్న దగ్గరికి పంపారు. అన్న అరుగు మీద నుంచి లేచి, "తమ్ముడు నాకు కాగితం పంపుతడా?" అని లోపలికి పోయాడు. గోడ అట్లే ఉండిపోయింది.

ఏళ్లు గడిచాయి. అరబ్బు దేశాల చౌరస్తాలు ఖాళీ అయ్యాయి. నేను నర్సింగ్ చదివి ముసలావిడను చూసుకునే పనిలో ఇజ్రాయెల్ పోయాను. వారానికోసారి సార్ ఫోన్. బాగోగులు రెండు నిమిషాలు, తర్వాత అసలు ప్రశ్న. "ఆడ మనుషులెట్లున్నరు బిడ్డా?" ఒకసారి ఇజ్రాయెల్ జనం తమ సర్కారు మీదే జెండాలతో రోడ్డెక్కారని చెబితే, "అండ్ల అరబ్బులున్నరా?" అని అడిగారు. తక్కువే సార్, అన్నాను.

ఇంకోసారి మా బంకర్ సంగతి చెప్పాను. సైరన్ మోగితే మెట్లు తుడిచే అరబ్బు ఆమె కూడా మాతోపాటే లోపలికి పరుగెత్తింది. ముసలావిడ జరిగి బెంచీ మీద చోటిచ్చింది. ఇద్దరూ ఒకరి భుజానికొకరు ఆనుకుని కూర్చున్నారు. సార్ ఆత్రంగా, "తర్వాత?" అన్నారు. తలుపు తీశారు, ఎవరి పనికి వాళ్లు పోయారు అన్నాను.

"మా వంటావార్పు లెక్కనే," అన్నారు సార్. "భయమొస్తె ఒక్కటైతరు, జెండా పడితె ఒక్కటైతరు. ఉత్త దినం ఒక్కటైతె గద బిడ్డా! ఇద్దరికి వేరే పోయే జాగ లేదు. గదే కష్టం, గదే ఆశ."

ఆ రోజే అన్నారు, "నేను గూడ రాజుల పనే చేసిన. మా అన్నకు కాగితం పంపిన. నువ్వు సెలవుకొచ్చినప్పుడు జర ఆయనకు చెప్పు, నాది తప్పని."

నేనేమన్నానో తెలుసా? "కాగితం పంపుడే తప్పంటిరి, ఇప్పుడు నన్ను పంపుతరా సార్? మీరే పోన్రి." పకపకా నవ్వారు. "నా పాఠం నాకే అప్పజెప్తున్నవ్." నేనూ నవ్వాను. పెద్ద తెలివిమంతురాలిననుకున్నాను. సార్ పోలేదు. మూడు నెలలకు పోనే పోయారు. ఊ అని ఉంటే నాదేం పోయేది? ఈ మాట ఎవరికి చెప్పుకున్నా తగ్గడం లేదు.

విమానాలు మొదలయ్యాక, ఆయన పోయిన నెలకు వచ్చాను. సార్ ఇంటికి పోయి, ఆయన భార్యను పలకరించి గేటు దాటుతుంటే గోడ అవతల అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. నన్ను చేత్తో పిలిచాడు.

"నువ్వు ఫోన్ల మాట్లాడే పిల్లవు గద. వాడు నా గురించి ఏమన్న అన్నడా?"

ఈసారి తెలివి చూపలేదు. "అన్నరు తాతా. కాగితం పంపుడు నాదే తప్పని మీకు చెప్పమన్నరు. నేనే చెప్పకపోతి."

ఆయన లేచాడు. లోపలికి పోయి, మడతల దగ్గర చిరిగిన కాగితం ఒకటి తెచ్చాడు.

"గిండ్ల ఏం రాసిండో నాకు ఇప్పటిదాక తెల్వదు బిడ్డా. నాకు సదువు రాదాయె. తర్వాత మళ్ల పెద్దమనుషులు తెచ్చిచ్చి సదువుతమంటె నేనే వద్దన్న. వాడే వచ్చి సదువుతడేమో అని చూసిన."

"నన్ను చదవమంటరా తాతా?"

తల అడ్డంగా ఊపాడు. కాగితాన్ని నా చేతికి ఇవ్వలేదు, లోపల పెట్టనూ లేదు. మోకాలి మీద పరిచి, తలకిందులుగా ఉందని కూడా తెలియక, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోతున్నాడు.